గోడ దాకా

క్యారెట్ ముక్కను నిలువునా చీల్చి
నడుమ ఆకును ఇరికించి
తడి బ్లేడుతో అడ్డంగా కోస్తాను.
పది కోతల్లో తొమ్మిది మందం.
పదోది నీటి మీద
ఉల్లిపొర కన్నా పల్చగా తేలుతుంది.
ఊపిరి బిగబట్టి కుంచెతో ఎత్తుతాను.

ఎస్పార్తో గడ్డి.
స్పెయిన్‌కు ఆగ్నేయాన, మా సియేసా ఊరి చుట్టూ
సున్నపురాతి కొండల మీద
ఇంకేదీ ఒప్పుకోని చోట ఒప్పుకుని మొలిచేది.
పైకి చూస్తే ఆకు కాదు, సూది.
అడ్డంగా కోస్తే తెలుస్తుంది,
చుట్టిపెట్టిన చాప.

సఫ్రనిన్ ఒక చుక్క.
ఎర్రబడేవి ఎర్రబడతాయి:
నాళికాపుంజాలు, వాటికి పైనా కిందా
దూలాల్లా నార.
ఇక్కడ పెద్ద ఈనె నుంచి పిల్ల ఈనెలు చీలవు.
మొదలు నుంచి కొస దాకా పక్కపక్కనే,
ఒకే వంటింట్లో
మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళు.
అక్కడక్కడ మాత్రం ఒక సన్నని అడ్డ ఈనె,
ఉప్పు అందించినట్టు.

లోపలి వైపంతా గట్లూ చాళ్ళూ.
చాళ్ళ అడుగున పల్చని గోడల పెద్ద కణాలు,
నీటి తిత్తులు.
వాన పడితే ఉబ్బి ఆకును పరుస్తాయి.
ఎండ ముదిరితే అన్నిటికన్నా ముందు అవే వాలిపోతాయి.
ఆకు ముడుచుకుంటుంది,
పత్రరంధ్రాలన్నీ లోపలే ఉండిపోతాయి.
కరువు కాలంలో నోరు మూసుకోవడం
మా ఊరు ఆకుకు నేర్పిందో
ఆకు మా ఊరికి నేర్పిందో
యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకు పుట్టినదాన్ని,
నాకు తెలీదు.

ఇవాళ అమ్మమ్మను బడికి తీసుకొచ్చాను.
విసితాసియోన్.
పధ్నాలుగో ఏట నుంచీ
మర రోకళ్ళ కింద గడ్డి కట్టలు తిప్పిన చేతులు.
ఆ దుమ్ము ఇంకా ఆమె దగ్గులో ఉంది.
రెండంతస్తుల మెట్లెక్కి, దగ్గి, కుర్చీలో కూలబడి
ఆకు కొసను గోటితో గీరి
"ఎన్నాళ్ళు నానబెట్టారు దీన్ని?" అంది.
నానబెట్టలేదమ్మమ్మా, రంగు వేశాం.
"నలభై రోజులు నానకపోతే
ఇది ఎవరి మాటా వినదు."

చెప్పాను: దీని ఎదుగుదల చెట్టు కొమ్మలా కాదు.
కొస ముసలిది, మొదలు పసిది.
అడుగున తొడిమ ఉండదు, తొడుగు ఉంటుంది.
దాని దగ్గరే కొత్త ఆకు పుడుతూ
పాత ఆకును పైపైకి నెడుతూ...

"మీ తాత లాగా," అంది.

తాత మెలితోన్.
నడుముకు నార చుట్టుకుని,
చక్రం తిప్పే కుర్రాడికి ఎదురుగా నిలబడి,
వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనేవాడు.
పేనిన మొదటి మూర అల్లంత దూరాన చక్రం దగ్గర.
ఆఖరి మూర వేళ్ళలో, ఇంకా వెచ్చగా.
పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అదే నడక.
వెనకడుగు వేశాడని
ఆయన్ని మాత్రం ఎవరూ అనలేదు.

కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూసి
సూక్ష్మదర్శినిలోకి వంగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
స్క్రూ కొంచెం తిప్పాను. మసక విడింది.
"ఈ గళ్ళేమిటి?"
కణాలు.
"గళ్ళ మధ్య గీతలు?"
గోడలు, అన్నాను. కణాల గోడలు.

తల ఎత్తలేదు.
"రొట్టె మూట పట్టుకుని
పేనే బాట చివర నిలబడేదాన్ని," అంది ఆ గాజులోకే.
"వెనకేముందో ఆయనకు కనబడదుగా.
వీపు ఇంకో నాలుగడుగుల్లో తగులుతుందనగా
నేనే అరిచేదాన్ని.
గోడ, మెలితోన్, గోడ."

బల్ల మీద నాలుగు ఆకులు మిగిలాయి.
నేను రెండో స్లైడు తుడిచేలోపు
ఆమె వేళ్ళు వాటిని చూడకుండానే పేనడం మొదలుపెట్టాయి.
జానెడు తాడు. పచ్చిది.
నానబెట్టనిది కదా, విడిపోతోంది.
మళ్ళీ పేనుతోంది.